ముందు డాబా, తర్వాతే ఏసీ

తెలుగునాట చాలా ఇళ్లలో ఏసీ కొనాలన్న నిర్ణయం మిట్టమధ్యాహ్నం కాదు, రాత్రి పది దాటాక పుడుతుంది. పొద్దుగూకి మూడు నాలుగు గంటలవుతుంది. వీధిలో గాలి కాస్త తెరిపిస్తుంది. పడకగదిలో మాత్రం ఫ్యాను వేడిగాలే విసురుతుంటుంది, మంచం మీద వాలితే పైనుంచి సెగ దిగుతున్నట్టే ఉంటుంది. ఆ సెగ భ్రమ కాదు. పగలంతా ఎండ తాగిన అయిదారంగుళాల కాంక్రీటు స్లాబు ఆ వేడిని కొన్ని గంటలపాటు తనలో ఉంచుకుని, సరిగ్గా మనం పడుకునే వేళకు కిందికి వదులుతుంది. రెండు రాత్రులు ఓర్చుకుని మూడోనాడు షోరూముకు వెళ్తారు. అక్కడ నడిచే చర్చంతా టన్నా, టన్నున్నరా, మూడు నక్షత్రాలా, అయిదా అన్నదాని చుట్టూనే. గదిలోకి అంత వేడి ఎక్కడినుంచి వస్తోంది, దాన్ని రాకుండా చేయలేమా అన్న ప్రశ్న ఆ కౌంటరు దగ్గర ఎవరూ వేయరు. ముందు వేయవలసింది ఆ ప్రశ్నే. ఇల్లు బాగుచేసుకోవడం ముందు, యంత్రం కొనడం తర్వాత. ఈ వరస తిరగబడితే యంత్రం కొన్నప్పుడొకసారి, దాన్ని వాడినన్నాళ్లూ నెలనెలా మరోసారి అనవసరంగా డబ్బు కట్టాల్సి వస్తుంది.

మన ఇంటి పైకప్పు గత యాభై అరవై ఏళ్లలో పూర్తిగా మారిపోయింది. కోస్తాలో పెంకుటిళ్లు, తాటాకు ఇళ్లు. రాయలసీమలో దూలాల మీద చౌడు పరిచిన మట్టిమిద్దెలు. తెలంగాణలో గూనపెంకుల ఇళ్లు. వీటిని అందంగా తలచుకోవడం తేలికే కానీ, అవి వానకు కారేవి, ఏటేటా పెంకు సర్దాలి, చౌడు తొక్కాలి, చెదలు చూసుకోవాలి. ఆ చాకిరీ నుంచి విముక్తి కోసమే జనం స్లాబు వేసుకున్నారు. అందులో తప్పేమీ లేదు. అయితే కాంక్రీటు వానను ఆపినట్టు వేడిని ఆపదు. పూత ఏదీ లేని స్లాబులో, పైకీ కిందికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు సుమారు 3.3 వాట్ల వేడి లోపలికి వస్తుంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ (బీఈఈ) 2018 డిసెంబరులో నివాస భవనాల కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత ఈ అంకె 1.2 దాటకూడదంటుంది. అంటే మనం అలవాటుగా వేసుకునే కప్పు ఆ ప్రమాణంకంటే రెండున్నర రెట్లకు మించి వేడిని లోపలికి పంపుతోంది. పన్నెండు చదరపు మీటర్ల పడకగది తీసుకుందాం. డాబా పైన ఎండ కలిసిన వేడికీ, లోపలి గాలికీ 20 డిగ్రీల తేడా ఉందనుకుంటే కప్పు నుంచి ఒక్కదాన్నుంచే దాదాపు 800 వాట్ల వేడి దిగుతుంది. ఒక టన్ను ఏసీ తోడిపోయగలిగేది 3,500 వాట్లు. మనుషులు, గోడలు, కిటికీలు, టీవీ అన్నీ లెక్కలోకి రాకముందే యంత్రం శక్తిలో నాలుగో వంతుకు దగ్గరగా కప్పుతో పోరాడటానికే పోతోంది. అడుగు కారే తొట్టిని నింపడానికి ఇంకా పెద్ద మోటారు కొన్నట్టుంటుంది వ్యవహారం.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే అనుకోనక్కర్లేదు. హైదరాబాద్‌లోనే కొలిచి చూశారు. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ జాతీయ ప్రయోగశాల, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు కలిసి ఇక్కడి వాణిజ్య భవనాల కప్పులకు తెల్లపూత వేసి, వేయకముందూ వేశాకా కరెంటు వాడకం పోల్చారు. 2012లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం, ముందు నల్లగా ఉన్న కప్పును తెల్లగా మారిస్తే చదరపు మీటరుకు ఏడాదికి 20 నుంచి 22 యూనిట్లు, మామూలు కాంక్రీటు కప్పును తెల్లగా చేస్తే 13 నుంచి 14 యూనిట్లు మిగిలాయి. రెండో సందర్భంలో చల్లబరచడానికయ్యే కరెంటులో 10 నుంచి 19 శాతం తగ్గింది. అవి పగలంతా, ఏడాది పొడవునా ఏసీ నడిచే భవనాలు. ఇళ్లకు ఆ అంకెలు యథాతథంగా వర్తించవు. కానీ ఏసీయే లేని ఇళ్లలోనూ ప్రయోగం జరిగింది. 2017లో నగరంలోని దేవరకొండ బస్తీలో పేదల ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పొర పరిచి చూస్తే, లోపలి గాలి ఉష్ణోగ్రత సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేగా అనిపించవచ్చు. రాత్రి పసిపిల్ల నిద్రపోవడానికీ, నిద్రపట్టక ఏడవడానికీ మధ్య ఉండే దూరం చాలాసార్లు అంతే. 2015 మే వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేడి తగ్గించడం అంటే ఇక్కడ సుఖం గురించిన మాట మాత్రమే కాదు.

చేయవలసిన పని ఏమంత కష్టమైనదీ కాదు. అన్నిటికన్నా చవక సున్నం. డాబా శుభ్రంగా కడిగి, పగుళ్లు పూడ్చి, సున్నంలో కాస్త ఫెవికాల్ వంటి జిగురు కలిపి రెండు చేతులు వేస్తే ఆ వేసవి గడుస్తుంది; వానలకు కొట్టుకుపోతుంది, మళ్లీ ఏడాది వేసుకోవాలి. కూల్ రూఫ్ పెయింట్ కూలీతో కలిపి చదరపు మీటరుకు కొన్ని వందల రూపాయలవుతుంది కానీ కొన్నేళ్లు నిలుస్తుంది. కొత్తగా కట్టేవారికి, లేదా డాబా కారుతోందని ఎలాగూ మరమ్మతు చేయించేవారికి తెల్లటి పింగాణీ పెంకుల ముక్కలు పరిపించడం మంచి మార్గం. ఏ పూతయినా దుమ్ము పట్టేకొద్దీ పని తగ్గుతుంది, అందుకని వేసవిలో నెలకోసారి కడగాలి. పడమటి గోడ సంగతి వేరు. డాబా తర్వాత మన ఇళ్లను వేపేది అదే. సాయంత్రం ఎండ ఏటవాలుగా నేరుగా కిటికీలోంచి లోపలికి పడుతుంది. లోపలి కర్టెను ఆ వెలుగును ఆపుతుంది కానీ వేడిని ఆపలేదు. అద్దం దాటి లోపలికి వచ్చిన వేడి లోపలే తిరుగుతుంది. ఆపితే బయటే ఆపాలి. వెదురు తడిక, పైన పొడుగాటి సన్‌షేడ్, పందిరి మీద తీగ, ఏదైనా సరే. ఈ విషయంలో వట్టివేళ్ల తడికలు కట్టిన పాతకాలంవారికి ఉన్న తెలివి, పడమటి వైపు నేలనుంచి కప్పుదాకా అద్దాలు బిగించే ఇప్పటి బిల్డర్లకు లేకపోవడం బాధాకరం. అద్దాల ముఖభాగం బ్రోచరులో బాగుంటుంది, దాని కరెంటు బిల్లు మాత్రం కొన్నవాళ్లు కడతారు.

ఇంతకీ మనకు ఎంత చల్లదనం కావాలి? హైదరాబాద్ అపార్టుమెంట్లలో 2008లో పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి చేసిన అధ్యయనం ఈ ప్రశ్నకు విలువైన సమాధానం ఇచ్చింది. ఏసీ మీద ఆధారపడకుండా గాలి ఆడే ఫ్లాట్లలో ఉండేవారిని నేరుగా అడిగి, అదే సమయంలో గదిలో వేడి కొలిస్తే, వారికి హాయిగా అనిపించిన ఉష్ణోగ్రత 29 డిగ్రీల పైచిలుకు. 26 నుంచి 32.45 డిగ్రీల వరకూ సర్దుకోగలిగారు. అప్పటి మన ప్రమాణాలు 23 నుంచి 26 డిగ్రీలు ఉండాలని చెప్పేవి. అంటే 18 డిగ్రీలకు రిమోట్ నొక్కి దుప్పటి కప్పుకోవడం ఈ నేల మనిషి శరీరం అడిగినది కాదు, తర్వాత చేసుకున్న అలవాటు. ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేట్టు తయారు చేయాలన్న నిబంధన 2020 జనవరి నుంచి అమల్లో ఉంది. అక్కడినుంచి ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందన్నది బీఈఈ అంచనా. 27 దగ్గర పెట్టి ఫ్యాను వేసుకుంటే చాలామందికి సరిపోతుంది. ఆ ఫ్యాను పాతదైతే 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ రకమైతే 30 వాట్ల చుట్టూ. ఏసీ వేసవి మూడు నెలలే తిరుగుతుంది, ఫ్యాను ఏడాదిలో పది నెలలు తిరుగుతుంది. అయినా ఇంట్లో ఎవరూ ఫ్యాను గురించి కూర్చుని మాట్లాడుకోరు.

డాబా, పడమటి గోడ, ఫ్యాను చూసుకున్నాక కూడా ఏసీ కావాలనిపిస్తే తప్పకుండా కొనుక్కోవాలి. ముసలివాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఉన్న ఇంట్లో అది విలాసం కాదు. అయితే అప్పటికి లెక్క మారిపోయి ఉంటుంది. టన్నున్నర అవసరమని చెప్పిన గదికి టన్ను సరిపోవచ్చు. నక్షత్రాల విషయంలోనూ ఒక మాట. నక్షత్రానికి కావలసిన అర్హత కొన్నేళ్లకోసారి పెరుగుతుంది, కాబట్టి నక్షత్రాలు లెక్కపెట్టే బదులు లేబుల్ మీద ఐసీర్ అని రాసి ఉండే అంకె చూడాలి. అది 3.8 ఉన్న యంత్రం 100 యూనిట్లు తినే పనిని 5 ఉన్న యంత్రం 76 యూనిట్లతో చేస్తుంది. లేబుల్ మీది వార్షిక వినియోగం ఏడాదికి 1,600 గంటలు నడుస్తుందన్న ఊహతో వేసినది. వేసవి మూడు నెలలు రాత్రి ఎనిమిది గంటలు వాడే ఇంట్లో అది 720 గంటలే. అలాంటి ఇంట్లో ఖరీదైన యంత్రం కోసం పెట్టిన అదనపు డబ్బు తిరిగి రావడానికి లేబుల్ సూచించినదానికి రెట్టింపు కాలం పడుతుంది. ఆ తేడా డబ్బును ముందు డాబా మీద పెడితే ఏసీ నడవని గంటల్లో కూడా, అంటే పగలు వంటింట్లో నిలబడేవారికి కూడా, దాని ఫలితం అందుతుంది. ఏడాదంతా పగలూ రాత్రీ ఏసీ వాడేవారికి మాత్రం ఎక్కువ ఐసీర్ ఉన్నదే లాభం, సందేహం లేదు.

కరెంటు రేట్లు వేసే తీరు కూడా ఈ వాదనకే బలం. మనం తగ్గించే యూనిట్ సగటు యూనిట్ కాదు, చివరి యూనిట్. తెలంగాణలో 2022లో సవరించిన టారిఫ్ ప్రకారం నెలకు 300 దాటాక యూనిట్ 9 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 225 దాటాక 8.75, 400 దాటాక 9.75. మే నెలలో ఏసీ మింగేవన్నీ ఈ పైమెట్టు యూనిట్లే. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి పథకం వర్తించే ఇళ్లకు ఇది ఇంకా పదునైన విషయం. 200 యూనిట్ల లోపు ఉంటే బిల్లు సున్నా. దాటితే మొత్తానికీ కట్టాలి. 210 యూనిట్లు కాల్చిన కుటుంబం ఆ చివరి పది యూనిట్లకు ఇంచుమించు పదకొండు వందల రూపాయలు కట్టినట్టు లెక్క. ఏడాదికోసారి వేసే సున్నపు పూత ఆ గీత ఇవతల నిలబెట్టగలిగితే, దానికి మించిన రాబడి ఇచ్చే పెట్టుబడి ఆ ఇంటికి మరొకటి లేదు.

చలికాలంలో మన ఇంటి సమస్య గది వేడి కాదు, స్నానాల నీళ్లు. లంబసింగి, ఆదిలాబాద్ వంటి చోట్లను పక్కన పెడితే గదిని వెచ్చబరచవలసిన అవసరం తెలుగువారికి దాదాపు లేదు. గీజరు నిర్ణయంలోనూ వరస అదే: ముందు అవసరం తగ్గించాలి, తర్వాత యంత్రం మార్చాలి. 20 లీటర్ల బకెట్ నీళ్లను 25 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు తేవడానికి 0.4 యూనిట్ కావాలి. నలుగురికి నాలుగు బకెట్లంటే రోజుకు 1.6, నెలకు 48 యూనిట్లు. నిమిషానికి ఎనిమిది లీటర్లు పోసే షవర్ కింద పది నిమిషాలు నిలబడితే ఒక్కరే ఆ నాలుగు బకెట్లూ వాడేస్తారు. 15 లీటర్ల, 2 కిలోవాట్ల గీజరులో నీళ్లు కాగడానికి పద్దెనిమిది ఇరవై నిమిషాలు చాలు. తెల్లారగట్ల వేసి తొమ్మిదింటిదాకా మరిచిపోతే మిగిలిందంతా నష్టమే. బోరు నీళ్ల ఉప్పు కాయిల్ మీద గట్టిగా పేరుకుంటే పని ఆలస్యమవుతుంది, కాబట్టి దాన్ని రెండేళ్లకోసారైనా శుభ్రం చేయించాలి. ఇవన్నీ అయ్యాక సోలార్ హీటరా, హీట్ పంపా అన్నది ఆలోచించవచ్చు. సొంత డాబా ఉన్నవారికి సోలార్ హీటరుకు సాటి లేదు. అపార్టుమెంటుకు ఉమ్మడిగానైతే హీట్ పంపు బాగుంటుంది. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలోని వేడిని నీళ్లలోకి తోడుతుంది కనుక అదే పనికి మూడో వంతు కరెంటు చాలు. గ్యాస్ గీజరు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. గాలి పోయే దారి లేని బాత్రూములో దాన్ని పెట్టకూడదు. మంట సరిగా మండకపోతే వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. ఆ ఆదా మనకు వద్దు.

విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇదే ప్రశ్న తలకిందులుగా ఎదురవుతుంది. న్యూజెర్సీలోనో షికాగోలోనో పాత గ్యాస్ ఫర్నేస్ చేతులెత్తేసినప్పుడు హీట్ పంపు పెట్టాలా అని ఆలోచించేవారు ముందు అటకపై ఇన్సులేషన్, తలుపుల కింది సందులు చూసుకోవాలి. వేడి కారిపోని ఇంటికి చిన్న యంత్రం సరిపోతుంది. అమెరికాలో హీట్ పంపుల మీద ఇచ్చిన సమాఖ్య పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది కాబట్టి ఇప్పుడు పరిమాణం సరిగా ఎంచుకోవడం మరీ ముఖ్యం. ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో బాయిలర్ తీసి హీట్ పంపు పెట్టుకుంటే 7,500 పౌండ్లు ఇచ్చే పథకంలో, ముందు అటకకూ గోడలకూ ఇన్సులేషన్ పూర్తిచేసి ఉండాలన్న షరతును 2024లో తొలగించారు. ఇల్లంతా బాగుచేసేదాకా ఆగితే యంత్రం మారేదెప్పుడు అన్నది వారి తర్కం. దాన్ని కొట్టిపారేయలేం. కానీ అక్కడ కొత్త యంత్రం వస్తే పాత గ్యాస్ మంట ఆరిపోతుంది. మన ఇంట్లో ఏసీ వచ్చినప్పుడు ఏ పాత యంత్రమూ పోదు. ఇంతకుముందు లేని భారం కొత్తగా గ్రిడ్ మీద పడుతుంది. 2019 నాటి భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక ప్రకారం అప్పటికి ఏసీ ఉన్న ఇళ్లు సుమారు 8 శాతం, 2037-38కి 40 శాతం కావచ్చు. తొందరపడి యంత్రాన్ని ముందు పెట్టడానికి మనకు వారి కారణం లేదు.

సోలార్ ప్యానెళ్లు వేయించుకుంటే సరిపోతుందిగా అన్నది ఈమధ్య ఎక్కువగా వినిపిస్తున్న మాట. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. వేయించుకోగలిగినవారు వేయించుకోవాలి, ప్యానెళ్ల నీడ డాబాకూ మేలే. కానీ పడకగది ఏసీ నడిచేది ప్యానెల్ నిద్రపోయాక. పగలు ఇచ్చి రాత్రి తీసుకునే నెట్ మీటరింగ్ మన బిల్లును సరిచేస్తుంది, రాత్రి గ్రిడ్ మీద పడే బరువును కాదు. మరో ఆక్షేపణ కోస్తావారిది: కాకినాడలో, విశాఖలో బాధ ఎండ కాదు, ఉక్క, సున్నం ఉక్కను తీస్తుందా? తీయదు. పొడి గాలి ఉన్న తెలంగాణ, రాయలసీమల్లో పనిచేసే కూలరు కూడా అక్కడ పనికిరాదు. గాలిలో తేమను పిండేది ఏసీయే. అయితే గదికి మించిన పెద్ద ఏసీ త్వరగా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ మిగిలిపోతుంది. సరిపడే చిన్న ఏసీ ఎక్కువసేపు నడిచి తేమను బాగా లాగుతుంది. కప్పు వేడి తగ్గితేనే చిన్న ఏసీ చాలుతుంది.

నిజంగా చిక్కు సమస్య అద్దె ఇళ్లది. డాబా ఓనరుది, బిల్లు అద్దెకున్నవారిది. పూత ఖర్చు పెట్టేవారికి ఆదా రాదు, ఆదా వచ్చేవారికి డాబా మీద హక్కు లేదు. అద్దె ఒప్పందంలో ఏడాదికోసారి గదుల రంగు గురించి రాసుకున్నట్టే డాబా పూత గురించీ ఒక వాక్యం రాసుకోవచ్చు. వేడికి స్లాబు పగుళ్లిచ్చి కారడం తగ్గుతుంది కనుక ఓనరుకూ అందులో స్వార్థం ఉంది. అపార్టుమెంట్లలో పై అంతస్తువాళ్ల బాధ మాకెందుకన్న వాదన వినిపిస్తుంది. డాబా అందరి ఆస్తి, దాని మరమ్మతు అందరి ఖర్చు. 500 చదరపు మీటర్ల డాబాకు చదరపు మీటరు 300 చొప్పున వేసుకున్నా లక్షన్నర. ఇరవై ఫ్లాట్లుంటే తలా 7,500. అసోసియేషన్లు గేటు రంగులకు ఇంతకంటే ఎక్కువ పెట్టడం అరుదేమీ కాదు.

ప్రభుత్వాల వంతు కూడా ఉంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. మంచి విధానం, ధైర్యమైన లక్ష్యం. కానీ ఇళ్ల విషయంలో అది 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టేవాటికే తప్పనిసరి. వేడికి ఎక్కువ నలిగేది వంద గజాల ఇళ్లు, రేకుల ఇళ్లు. వాటికి జరిమానా అక్కర్లేదు, చేయూత కావాలి. తెలంగాణలో ఇందిరమ్మ పథకం కింద ఇంటికి ఇచ్చే సాయం 5 లక్షలు. నాలుగు వందల చదరపు అడుగుల ఇల్లంటే కప్పు సుమారు 37 చదరపు మీటర్లు. మేలురకం పూతకు పదకొండు వేలు, సున్నమైతే అందులో కొద్ది భాగమే. సాయంలో రెండు శాతానికి కాస్త మించే ఈ ఖర్చు ఇంటి అంచనాలో విడి పద్దుగా ఉండాలి, పూత చూశాకే ఆఖరి విడత విడుదల కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ కాలనీల ఇళ్లకూ ఇదే పద్ధతి పెట్టవచ్చు. స్లాబు పడిన తొలి వేసవికే ఆ పని జరిగిపోతే, ఆ ఇంటివాళ్లు ఏసీ గురించి ఆలోచించేది మరికొన్నేళ్ల తర్వాతే, అదీ ఒక టన్ను దగ్గరే ఆగిపోతుంది.